కొత్త బ్యాటరీ కొనే ముందు డైనమో వోల్టేజీ కొలవండి

కారు బ్యాటరీ రెండేళ్లు తిరక్కుండానే పోతే చాలామంది ముందు కంపెనీని తిట్టుకుంటారు, తర్వాత ఇంకో కంపెనీది కొంటారు. అదీ ఏడాదిన్నరకే మొరాయించాక గానీ కారు మీద అనుమానం రాదు. ఈ వరుస తలకిందులుగా ఉంది. బ్యాటరీ ఆయుష్షును దాని మీద అచ్చేసిన పేరు కంటే, దానికి రోజూ అందుతున్న చార్జింగ్ వోల్టేజీయే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆ వోల్టేజీ ఇచ్చేది ఆల్టర్నేటర్. మెకానిక్ షెడ్డులో దాన్నే డైనమో అంటారు. దాని పనితీరు తెలుసుకోవడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటర్, కాస్త తీరిక ఉంటే చాలు.

ఇక్కడ చెప్పేదంతా మామూలు పెట్రోల్, డీజిల్ కార్లలోని 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ గురించి. మీది హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారైతే, బానెట్ కింద కనిపించే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లవద్దు. వాటిలో ఉండేది ప్రాణం తీసే వోల్టేజీ.

అర వోల్టు ఏం చేస్తుంది

12 వోల్టుల బ్యాటరీ అని పిలుస్తాం గానీ, లోపల ఉండేవి 6 సెల్స్. నిండుగా ఉన్నప్పుడు ఒక్కోటి 2.1 వోల్టుల పైన ఇస్తుంది. అన్నీ కలిపితే 12.6 నుంచి 12.8 వరకు. బయటి వోల్టేజీ ఇంతకంటే పైన ఉంటేనే బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతుంది. అందుకే ఎక్కువ కార్లలో డైనమో 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఇస్తుంది. కొన్ని కార్లలో 14.7 దాకా కూడా వెళ్తుంది.

వోల్టేజీ తక్కువైతే జరిగేది ఇది. బ్యాటరీ నుంచి కరెంటు వాడుకున్న ప్రతిసారీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. తిరిగి చార్జ్ అయినప్పుడు అది మళ్లీ సీసంగా, యాసిడ్‌గా మారిపోవాలి. 13.2 దగ్గరే ఆగిపోయే కారులో ఆ పని సగంలో నిలిచిపోతుంది. మిగిలిన సల్ఫేట్ వారాలు గడిచేకొద్దీ గట్టిపడి, ఇక ఏ చార్జింగ్‌కూ లొంగని స్ఫటికాలవుతుంది. ప్లేటులో అంత మేర పని చేయడం మానేసినట్టే. పేరుకు 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇవ్వాల్సినది, నిజంగా ఇచ్చేది అందులో సగం.

ఎక్కువైతే దెబ్బ ఇంకోలా ఉంటుంది. సెల్‌కు 2.4 వోల్టులు, అంటే మొత్తం మీద 14.4 దాటాక నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోవడం జోరందుకుంటుంది. లోపల మట్టం తగ్గుతుంది, పాజిటివ్ ప్లేటులోని గ్రిడ్ తుప్పు పట్టి పెళుసుబారుతుంది. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ పోసుకోవచ్చు. మెయింటెనెన్స్ ఫ్రీ అని అమ్మే సీల్డ్ బ్యాటరీలో పోయిన నీరు పోయినట్టే.

ఇప్పుడు మన ఎండల సంగతి. పైన చెప్పిన 14.4 అనే హద్దు 25 డిగ్రీల దగ్గర లెక్క. వేడి పెరిగిన ప్రతి డిగ్రీకి బ్యాటరీకి కావలసిన వోల్టేజీ సుమారు 20 నుంచి 25 మిల్లీవోల్టులు తగ్గుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం బయటే 45 డిగ్రీలుంటే, ఇంజిన్ పక్కనున్న బ్యాటరీ దానికంటే వేడిగానే ఉంటుంది. 45 దగ్గరే లెక్క వేసినా అర వోల్టు తగ్గాలి. అంటే జనవరి ఉదయాన సరిగ్గా సరిపోయే 14.4 ఆ వేసవి మధ్యాహ్నానికి ఎక్కువ. డైనమో వోల్టేజీని అదుపులో ఉంచే భాగం రెగ్యులేటర్. మంచి రెగ్యులేటర్ వేడిని బట్టి వోల్టేజీని తనే తగ్గించుకుంటుంది. తగ్గించని నాసిరకం రెగ్యులేటర్ మార్చి నుంచి జూన్ దాకా బ్యాటరీని ఉడికిస్తుంది. ఆ దెబ్బ వెంటనే బయటపడదు. వానలు మొదలై వైపర్లు, హెడ్‌లైట్లు ఎక్కువగా వాడినప్పుడో, డిసెంబరు చలిలోనో బ్యాటరీ చేతులెత్తేస్తుంది. నింద మాత్రం వానకూ చలికీ పడుతుంది.

మీటరును ముందు పరీక్షించండి

నల్ల వైరు సీఓఎమ్ అని రాసి ఉన్న రంధ్రంలో, ఎర్ర వైరు వోల్టుల గుర్తు ఉన్న రంధ్రంలో పెట్టండి. 10 ఆంపియర్లు అని రాసి ఉన్న మూడో రంధ్రంలో ఎర్ర వైరు పెట్టి బ్యాటరీకి తగిలిస్తే, బ్యాటరీ రెండు కొసలనూ తీగతో కలిపినట్టే. నిప్పురవ్వలు లేస్తాయి, మీటరు కాలుతుంది, చేయి కూడా కాలవచ్చు. తర్వాత డయల్‌ను డీసీ 20 వోల్టుల మీదకు తిప్పండి.

మీటరు లోపలుండే 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపిస్తాయి. దాన్ని నమ్మి నిక్షేపంలాంటి డైనమోను విప్పించిన వాళ్లున్నారు. ఓ కొత్త పెన్సిల్ సెల్‌ను కొలిచి చూడండి. 1.5 నుంచి 1.6 మధ్య చూపిస్తే మీటరును నమ్మవచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే చిన్న వోల్టేజీ డిస్‌ప్లేలు ఉంటాయి. రోజువారీ నిఘాకు అవి మంచివే గానీ, మధ్యలో ఉన్న వైరింగ్ వల్ల అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుంటాయి. తీర్పు చెప్పేముందు బ్యాటరీ దగ్గరే కొలవాలి.

చేతికి ఉంగరం, లోహపు గడియారం ఉంటే తీసేయండి. చున్నీ, వదులు చేతులు, పొడవాటి జుట్టు బెల్టుకు దూరంగా ఉంచండి. బ్యాటరీ దగ్గర సిగరెట్టు, అగ్గిపుల్ల వద్దు. దాని నుంచి వచ్చే హైడ్రోజన్ పేలుతుంది.

మొదటి కొలత: కారు విశ్రాంతిలో ఉన్నప్పుడు

రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఉదయాన్నే కొలవడం మేలు. తలుపు తీసిన వెంటనే లోపలి లైట్లు, కంప్యూటర్లు మేల్కొంటాయి కాబట్టి బానెట్ ముందు రోజు సాయంత్రమే తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. అప్పుడే ఇంజిన్ ఆపిన కారులో ప్లేట్ల పైపైన చేరిన చార్జ్ అంకెను పెంచి చూపిస్తుంది. ఆగే తీరిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వేసి, ఆర్పి, ఇంకాసేపు ఆగి చూడండి.

12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే. రోజూ ఉదయం 12.3 దగ్గరే కనిపిస్తుంటే ఏదో ఒకటి తప్పు. డైనమో తక్కువ ఇస్తుండాలి, లేదా కారు రాత్రిపూట కరెంటు తాగేస్తుండాలి, లేదా మీ ప్రయాణాలు మరీ చిన్నవై ఉండాలి.

ఆ చివరిది చాలామంది పట్టించుకోరు. స్టార్ట్ చేయడానికి ఖర్చయ్యే కరెంటు నిజానికి తక్కువ. 200 ఆంపియర్లు రెండు సెకన్ల పాటు లాగినా అది ఆంపియర్ అవర్‌లో తొమ్మిదో వంతే, నిమిషాల్లో తిరిగి నిండుతుంది. అసలు చిక్కు లెడ్ యాసిడ్ బ్యాటరీ స్వభావంలో ఉంది. 80 శాతం దాకా చకచకా నిండుతుంది, ఆ పైన ఒక్కో శాతానికీ గునుస్తుంది. చివరి 20 శాతానికి గంటలు పడుతుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో వెళ్లి వచ్చే కారుకు ఆ గంటలు ఎప్పటికీ దొరకవు. అలాంటి కారుకు నెలకోసారి ఇంట్లోనే బ్యాటరీ చార్జర్ పెట్టి, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 3.5 ఆంపియర్లతో నింపడం మంచి అలవాటు.

రెండో కొలత: సెల్ఫ్ కొట్టేటప్పుడు

మీటరు వైర్లు బ్యాటరీ టెర్మినళ్లకు ఆనించి పట్టుకుని, ఇంకొకరిని తాళం తిప్పమనండి. అంకె ఒక్కసారిగా పడి మళ్లీ లేస్తుంది. ఆ పడిన చోటు 9.6 కంటే కిందికి పోకూడదు. నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీ కూడా 9 లోపు పడిపోతుంటే అది ముసలిదైంది, లేదా సెల్ఫ్ మోటారు మామూలు కంటే ఎక్కువ లాగుతోంది. చవక మీటర్లు నెమ్మదిగా అంకె మారుస్తాయి కాబట్టి అసలు అడుగును పట్టుకోలేకపోవచ్చు. కనిష్ఠ విలువను గుర్తుంచుకునే బటన్ ఉన్న మీటరైతే అది వాడండి.

మూడో కొలత: ఇంజిన్ నడుస్తున్నప్పుడు

అన్ని లైట్లు, ఏసీ, మ్యూజిక్ ఆపి ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచండి. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలు వోల్టేజీ కాస్త ఎక్కువగా ఉండి, తర్వాత స్థిరపడుతుంది. స్థిరపడిన అంకె రాసుకోండి. తర్వాత యాక్సిలరేటర్ తొక్కి 2,000 ఆర్‌పీఎం దగ్గర నిలిపి మళ్లీ చూడండి. ఇంజిన్ వేగం పెరిగినా వోల్టేజీ పెద్దగా పెరగకూడదు. వేగంతో పాటు 15, 15.5 అంటూ ఎక్కుతుంటే రెగ్యులేటర్ చేతులు దాటిపోయినట్టు. ఆ కారును దూర ప్రయాణానికి తీసుకెళ్లవద్దు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నా, బ్యాటరీ పక్కలు ఉబ్బినా వెంటనే ఇంజిన్ ఆపి దూరంగా జరగండి. హెడ్‌లైట్ బల్బులు తరచూ మాడిపోవడం కూడా ఇదే జబ్బుకు గుర్తు. బల్బులు మార్చుతూ పోతారే గానీ కారణం ఎవరూ వెతకరు.

నాలుగో కొలత: బరువు పెట్టి

ఇదే అసలు పరీక్ష. ఖాళీగా ఉన్నప్పుడు 14.2 చూపించి శభాష్ అనిపించుకున్న డైనమో, పని పడేసరికి 12.7కు జారిపోవడం మామూలే. హెడ్‌లైట్లు హై బీమ్‌లో పెట్టండి, ఏసీ వేసి బ్లోయర్ ఫుల్ చేయండి, వెనక అద్దం డీఫాగర్ ఉంటే అదీ వేయండి. పొడి అద్దం మీద వైపర్లు మాత్రం వేయకండి, గీతలు పడతాయి.

ఐడిల్‌లో 13.3 దాకా దిగినా కంగారు పడనక్కర్లేదు. 2,000 ఆర్‌పీఎం దగ్గర మాత్రం 13.7 పైకి రావాలి. ఆ వేగంలో కూడా 13 దాటకపోతే డైనమో సరిపోవడం లేదు. 12.8 కంటే కింద ఉంటే కారు బ్యాటరీ మీదే నడుస్తోందన్నమాట. ఇంజిన్ బాగా వేడెక్కాక ఇదే కొలత ఇంకోసారి తీసుకోండి. వేడెక్కిన డైనమో చల్లగా ఉన్నప్పటి కంటే తక్కువ కరెంటు ఇస్తుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం ట్రాఫిక్‌లో చార్జింగ్ లైటు వెలిగే కార్ల గుట్టు ఇదే.

కొత్త కార్లలో ఒక మెలిక

ఇటీవలి కార్లలో చాలా వాటికి డైనమోను ఇంజిన్ కంప్యూటరే నడిపిస్తుంది. ఇంధనం ఆదా కోసం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు వోల్టేజీని 12.6 దాకా దించేస్తుంది, బ్రేకు వేసినప్పుడూ యాక్సిలరేటర్ వదిలినప్పుడూ 14.8 దాకా లేపి ఊరికే వచ్చే కరెంటును దాచుకుంటుంది. నెగెటివ్ టెర్మినల్‌కు అంటుకుని చిన్న ప్లాస్టిక్ పెట్టె, దానికి సన్నని వైరు ఉంటే అది బ్యాటరీ సెన్సర్, మీ కారు ఈ జాతిదే. ఇలాంటి కారులో ఐడిల్‌లో 12.7 చూసి డైనమో పోయిందని తేల్చడం తొందరపాటు. హెడ్‌లైట్లు వేయండి. ఎక్కువ కార్లలో వోల్టేజీ వెంటనే 14 దరిదాపులకు లేస్తుంది. లేవకపోతే లైటర్ సాకెట్ డిస్‌ప్లే పెట్టుకుని ఓ అరగంట నడిపి, హెచ్చుతగ్గులు గమనించాకే నిర్ణయానికి రండి.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట ఆగే కార్లలో తరచూ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఏజీఎమ్ లేదా ఈఎఫ్‌బీ రకం బ్యాటరీ ఉంటుంది. ధర తక్కువని మామూలు బ్యాటరీ పెట్టించుకోకండి. అన్ని స్టార్టులకు, ఆ చార్జింగ్ తీరుకు అది తట్టుకోలేదు. కొన్ని కార్లలో బ్యాటరీ మార్చాక ఆ సంగతి కంప్యూటర్‌కు స్కానర్‌తో నమోదు చేయాలి. లేదంటే అది పాత బ్యాటరీ అనుకునే చార్జ్ చేస్తుంది.

వోల్టేజీ తక్కువ వస్తే, డైనమో విప్పే ముందు

ముందు ఫ్యాన్ బెల్టు. ఇంజిన్ ఆపి చూడండి, అంచులు మెరుస్తున్నా, పగుళ్లున్నా, వదులుగా ఉన్నా అది జారుతోంది. వానలో లేదా లైట్లు వేయగానే కీచుమనే శబ్దం వస్తే ఇక చెప్పనక్కర్లేదు.

తర్వాత టెర్మినళ్లు. తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి కరెంటుకు అడ్డు. నెగెటివ్ ముందు విప్పండి, పాజిటివ్ తర్వాత. బిగించేటప్పుడు నెగెటివ్ చివర. వేడినీళ్లలో కాస్త వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, బిగించాక పెట్రోలియం జెల్లీ పూయండి. సోడా నీళ్లు సెల్స్‌లోకి మాత్రం పోకూడదు.

ఆ తర్వాత వైర్లలో పోయే వోల్టేజీ. దీన్ని ఆటో ఎలక్ట్రీషియన్లు కూడా తరచూ వదిలేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం, లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి ఉంచండి. మీటరు ఒక వైరు డైనమో వెనక లావు వైరు బిగించిన బోల్టుకు, రెండోది బ్యాటరీ పాజిటివ్‌కు. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే మధ్యలో వైరో, ఫ్యూజో, బోల్టో పాడైంది. ఈ కొలత తీసేటప్పుడు డైనమో బోల్టుకు ఆనించిన వైరు మొన ఇంజిన్ లోహానికి తగలనివ్వకండి. తర్వాత ఒకటి డైనమో బాడీకి, ఇంకొకటి బ్యాటరీ నెగెటివ్‌కు. ఇక్కడా హద్దు 0.2. దాటితే ఎర్త్ వైరు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంజిన్ నుంచి చాసిస్‌కు వెళ్లే ఎర్త్ వైరు లోపల్లోపలే తినేసుకుపోతుంది. చిన్న వైరు మారిస్తే తీరే జబ్బుకు డైనమో మొత్తం మార్పించుకోవడం దండగ.

ఇవన్నీ బాగుంటే అప్పుడు డైనమో. అరిగిన కార్బన్ బ్రష్‌లు, షెడ్డులో ఐసీ లేదా కటౌట్ అనే రెగ్యులేటర్, ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్ ప్లేట్, బేరింగ్, వీటిలో ఏది పోయినా విడిగా మార్చవచ్చు. డయోడ్ పోయిందో లేదో మీరే చూడవచ్చు. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర కొలవండి. అర వోల్టు దాటితే డయోడ్ మీద అనుమానం గట్టిదే. కొన్ని చవక మీటర్లు ఇక్కడ 28, 30 అంటూ వింత అంకె చూపిస్తాయి. అది మీటరు లోపం, దాంతో ఈ పరీక్ష కుదరదు. డయోడ్ షార్టయితే ఇంకో ఆనవాలు ఉంది. రాత్రంతా నిలిపిన కారులో ఇంజిన్ చల్లగా ఉన్నా డైనమో గోరువెచ్చగా తగులుతుంది.

రెండు పనులు చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టే అనే పరీక్ష ఇంకా కొన్ని షెడ్డుల్లో నడుస్తోంది. డైనమో ఇస్తున్న కరెంటుకు హఠాత్తుగా దారి తెగిపోతే వోల్టేజీ ఆ క్షణంలో పదుల వోల్టులకు ఎగబాకుతుంది. పాత అంబాసిడర్‌లో చెడిపోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇప్పటి కారులో ఇంజిన్ కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, టచ్ స్క్రీన్ అన్నీ ఆ దెబ్బకు ఎదురుగా ఉంటాయి. మెకానిక్ చేయి టెర్మినల్ మీదకు వెళ్తుంటే మొహమాటపడకుండా ఆపండి, మీ మీటరు చూపించండి.

రెండోది, పూర్తిగా చచ్చిన బ్యాటరీని జంపర్ వైర్లతో లేపి, ఓ గంట తిప్పితే అదే నిండుతుందిలే అనుకోవడం. డైనమో ఉన్న చార్జిని నిలబెట్టడానికి చేసినది, ఖాళీ బ్యాటరీని నింపడానికి కాదు. గంట సేపు పూర్తి బరువు మోస్తే అదీ వేడెక్కి పాడవుతుంది. చార్జర్ మీద రాత్రంతా నింపాకే కారులో పెట్టండి.

నెలల తరబడి కారు నిలిపితే

డైనమో ఎంత బాగున్నా నడవని కారుకు అది అక్కరకు రాదు. అలారం, సెంట్రల్ లాక్, కంప్యూటర్ల నిద్ర ఖర్చు 50 మిల్లీఆంపియర్ల దాకా ఉండటం మామూలే. రోజుకు 1.2 ఆంపియర్ అవర్. చిన్న కారు బ్యాటరీ నెల రోజుల్లో అడుగంటుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లే తల్లిదండ్రుల కార్లలో బ్యాటరీలు పోయేది ఇందుకే. వెళ్లేముందు బ్యాటరీని నిండుగా చార్జ్ చేసి నెగెటివ్ టెర్మినల్ విప్పి పెట్టండి. స్టీరియో కోడ్ అడిగే కారైతే ఆ కోడ్ ముందే రాసి ఉంచుకోండి. తాళం బయటే ఉంచుకోవాలి, టెర్మినల్ విప్పాక తలుపులు రిమోట్‌కు తెరుచుకోవు. పక్కింటివాళ్లను వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలుంచి ఆపమనడం కంటే ఇది ఎంతో మేలు. ఆ పది నిమిషాలకు బ్యాటరీ ఎప్పుడూ నిండదు.

ఇన్ని కొలతల తర్వాత కూడా బ్యాటరీదే తప్పని తేలితే నిశ్చింతగా కొత్తది కొనండి. డబ్బులిచ్చే ముందు దుకాణం దగ్గరే ఇంజిన్ నడిపించి, లైట్లు వేసి, 2,000 ఆర్‌పీఎం దగ్గర వోల్టేజీ కొలవండి. ఆ అంకెను తేదీతో సహా వారంటీ కార్డు వెనక రాసుకోండి. రేపు బ్యాటరీ గడువులోపే పోయి, మీ కారు చార్జింగ్ తేడా వల్లే పోయిందని దుకాణంవారు అంటే చూపించడానికి అది పనికొస్తుంది.